రోజుకు అరగంట ఇస్తే సొంత సైటుకు పాఠకులొస్తారు

2011 జనాభా లెక్కల్లో తెలుగును మాతృభాషగా చెప్పినవారు దేశంలో 8.11 కోట్ల మంది. వెబ్‌సైట్ల భాషలను లెక్కగట్టే డబ్ల్యూత్రీటెక్స్ పట్టికలో మాత్రం తెలుగు వాటా 0.1 శాతానికి కూడా చేరదు. రాసేవాళ్లు లేకనే ఈ పరిస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. ఊరి చరిత్ర సేకరించిన ఉపాధ్యాయులు, విత్తనాల గురించి ఏళ్ల తరబడి నోట్సు రాసుకున్న రైతులు, కథలూ అనువాదాలూ ఒకచోట పెట్టుకోవాలనుకున్న రచయితలు, దళారీ లేకుండా సరుకు అమ్ముకోవాలనుకున్న చేతిపనివారు సొంత సైట్లు తెరుస్తూనే ఉన్నారు. మొదటి నెల ఉత్సాహంగా గడుస్తుంది, బంధుమిత్రులు చూసి మెచ్చుకుంటారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు తగ్గిపోతారు. ఏడాది తిరిగేసరికి డొమైన్ రుసుము కట్టాలనిపించదు, రాసిందంతా కనుమరుగవుతుంది. వీటిలో చాలా సైట్లను కాపాడుకోవచ్చని నా నమ్మకం. అందుకు పెద్ద ప్రచారం, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. రాసినదాన్ని చదివేవాళ్లకు చేర్చే పనికి రోజూ ఒక అరగంట ఇవ్వాలి, ఆ పనిని రచనలో భాగంగానే చూడాలి.

రోజూ ఎందుకంటే, వెబ్‌లో పాఠకులు పోగయ్యే తీరే అలాంటిది. సెర్చ్ సమాచారాన్ని విశ్లేషించే ఏహెచ్‌రెఫ్స్ అనే సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అది పరిశీలించిన పేజీల్లో 96.55 శాతానికి గూగుల్ నుంచి ఒక్కరూ రావడం లేదు. అదే సంస్థ 2017లో చేసిన మరో పరిశీలనలో, ప్రచురించిన ఏడాదిలోపు ఏదో ఒక ప్రశ్నకు మొదటి పది ఫలితాల్లోకి చేరిన పేజీలు 5.7 శాతమే. దీనికి కారణం రహస్యమేమీ కాదు. 1998లో గూగుల్ మొదలైనప్పుడు దాని మూలసూత్రం, ఒక పేజీకి ఎన్ని ఇతర పేజీలు లింకు ఇస్తున్నాయి, ఆ ఇచ్చేవి ఎంత నమ్మదగినవి అని చూడటం. తర్వాత ఎన్ని మార్పులొచ్చినా ఆ సూత్రం పోలేదు. లింకులు ఒక్కరోజులో రావు. కొని తెచ్చుకుంటే గూగుల్ నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే ఉన్న స్థానమూ పోతుంది. ప్రకటనలకు డబ్బు పోస్తే జనం వస్తారు, కానీ డబ్బు ఆగిన రోజే వాళ్లూ ఆగిపోతారు. ఒక మంచి పేజీని చదివిన మనిషి దాన్ని మరొకరికి పంపితే, ఆయన తన పేజీలో ప్రస్తావిస్తే మాత్రం ఆ దారి ఏళ్ల పాటు తెరుచుకునే ఉంటుంది.

అయితే ఆ అరగంటలో చేయాల్సిందేమిటి? అన్నిటికన్నా ముందు చూడాల్సింది గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్‌ను. ఏ మాటలు వెతికినవారికి మన పేజీ కనిపించింది, ఎన్నో స్థానంలో కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది అందులో ఉంటుంది. కొండపల్లి బొమ్మలు చేసే కళాకారుడి సైటునే ఉదాహరణగా తీసుకోండి. ఆయన మొదటి పేజీకి ‘స్వాగతం’ అని పేరు పెట్టి ఉంటారు. ఆ మాట కోసం ఎవరూ వెతకరు. కొనేవాళ్లకు కావలసింది బొమ్మ ఏ చెక్కతో చేస్తారు, రంగు వదులుతుందా, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా, దూరప్రాంతానికి విరగకుండా ఎలా పంపుతారు అన్న విషయాలు. తెల్ల పొణికి చెక్క గురించి ఆయనకు తెలిసినంత మరెవరికీ తెలియదు. రోజుకు ఒక ప్రశ్నకు నిజాయతీగా నాలుగు పేరాలు రాసి, ఆ ప్రశ్ననే శీర్షికగా పెడితే చాలు. మనవాళ్లు చాలామంది తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు కాబట్టి పేజీ చిరునామాను ఆ అక్షరాల్లోనే పొట్టిగా ఉంచడం మేలు. చిరునామాలో తెలుగు లిపి పెడితే, కాపీ చేసి పంపేటప్పుడు ‘క’ అనే ఒక్క అక్షరమే శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారిపోతుంది. అంత పొడుగు లింకును చూసి ఏదో మోసమనుకుని నొక్కనివాళ్లుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో టైపు చేయించిన పుస్తకాన్ని పీడీఎఫ్‌గా పెడితే కంటికి తెలుగే కనిపిస్తుంది, సెర్చ్ యంత్రానికి మాత్రం అది అర్థంలేని గుర్తుల గుంపు. విలువైన స్థానిక చరిత్రలు ఎన్నో ఇలా వెతికినా దొరక్కుండా పోతున్నాయి. వాటిని రోజుకు రెండు పేజీల చొప్పున యూనికోడ్‌లోకి మార్చి పెట్టడం కన్నా గొప్ప మార్కెటింగ్ నాకు కనిపించదు.

మిగతా పని మనుషులతో. మన విషయంపై ఎవరైనా ఫేస్‌బుక్ గుంపులో సందేహం అడిగితే అక్కడే పూర్తి సమాధానం ఇచ్చి, చివర వివరాలకు లింకు పెట్టడం. ఆ విషయంపైనే రాసే మరొకరి పేజీకి మన వ్యాసంలో లింకు ఇచ్చి, ఆ సంగతి వారికి తెలియజేయడం. పాత వ్యాసంలోంచి కొత్తదానికి దారి చూపించడం. వాట్సాప్‌లో లింకు పంపితే దాని కింద కనిపించే బొమ్మ, శీర్షిక, రెండు వాక్యాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం. ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి. అడగని గుంపుల్లో ఉదయం శుభోదయంతో పాటు లింకులు గుప్పించడం, వికీపీడియా వ్యాసాల కింద సొంత సైటును అతికించడం ప్రచారం కాదు, చెత్త పోయడం. పైగా వికీపీడియా బయటి లింకులను సెర్చ్ యంత్రాలు లెక్కలోకి తీసుకోవద్దని 2007 నుంచీ గుర్తు పెడుతోంది. అంటే ఆ చెత్తకు ఫలితం కూడా లేదు.

ఇదంతా సొంత డబ్బా కొట్టుకోవడమేనని ముఖం తిప్పుకునేవారున్నారు. మంచి రచన అయితే పాఠకుడే వెతుక్కుంటూ వస్తాడని వారి విశ్వాసం. ఆ వినయాన్ని గౌరవిస్తాను, కానీ మన సాహిత్య చరిత్ర అలా నడవలేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి తన భావాలను తానే జనంలోకి తీసుకెళ్లారు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదంపై వ్యాసాలు రాసి వదిలేయలేదు, 1919లో ‘తెలుగు’ అనే పత్రికే నడిపారు. వారికి లేని బిడియం మనకెందుకు? పనికొచ్చే విషయం రాసి, అది అవసరమైనవాడికి ఆ సంగతి చెప్పకపోవడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

సొంత సైటెందుకు, ఫేస్‌బుక్, యూట్యూబ్ చాలవా అన్నది మరింత బలమైన ప్రశ్న. జనం అక్కడే ఉన్నారన్నది నిజం. అయితే ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. 2020 జూన్‌లో టిక్‌టాక్‌పై నిషేధం వచ్చినప్పుడు ఎందరో గ్రామీణ కళాకారులు కూడబెట్టుకున్న ప్రేక్షకులను రాత్రికి రాత్రే కోల్పోయారు. బతికున్న వేదికలు కూడా బయటికి వెళ్లే లింకులను ఇష్టపడవు. లింకు ఉన్న పోస్టులు తక్కువమందికి చేరుతున్నాయన్న ఫిర్యాదుకు, లింకును కింద జవాబులో పెట్టుకోమని ఎక్స్ యజమాని ఎలన్ మస్కే 2024లో సలహా ఇచ్చారు. కాబట్టి ఆ వేదికలను వాడుకోవాలి, రచనను మాత్రం మన చిరునామాలోనే ఉంచుకోవాలి.

ఇక ఏఐ సంగతి. గూగుల్ ఇప్పుడు ఫలితాలకు పైన తానే జవాబు అల్లి చూపిస్తోంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025లో ప్రకటించిన విశ్లేషణలో, అలాంటి సారాంశం కనిపించినప్పుడు ఫలితాల్లోని లింకు నొక్కింది 8 శాతం సందర్భాల్లోనే. సారాంశం లేనప్పుడు అది 15 శాతం. ఈ దెబ్బ నిజమైనదే, నా వాదనకు అన్నిటికన్నా గట్టి అడ్డంకీ ఇదే. పులిహోర కొలతలు, రాజధానుల పేర్లు చెప్పే పేజీలకు ఇక రోజులు కష్టమే. కానీ ఒక మండలంలోని శాసనాలను స్వయంగా చూసి రాసిన పేజీకి, ఒక నేత కార్మికుడి ధరల పట్టికకు బదులుగా యంత్రం ఇవ్వగలిగింది తక్కువ. పైగా సెర్చ్ నుంచి వచ్చే జనం తగ్గేకొద్దీ, పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వచ్చే పాఠకుడి విలువ పెరుగుతుంది. ఈమెయిల్ జాబితాలో చేరిన 200 మంది, ఎటునుంచో వచ్చి పది సెకన్లలో వెళ్లిపోయే 20,000 మందికన్నా నయం. ఆ జాబితా కూడా ఒక్కొక్కరుగానే పెరుగుతుంది.

ఈ పనిలో పడి రాయడమే మానేస్తామన్న భయం అనవసరమైనది కాదు. అందుకే అరగంట అన్నాను, గంటలు అనలేదు. గడియారం పెట్టుకుని ఆపేయాలి. అంకెలను రోజూ చూసి కుంగిపోవడం కన్నా నెలకొకసారి చూడటం మంచిది. వ్యక్తిగత సైటుకు లక్షల మంది రావాలని ఆశించడమూ సరికాదు, ఆ విషయం మీద నిజమైన ఆసక్తి ఉన్న కొన్ని వందల మంది దొరికితే ఆ సైటు పదేళ్లు నిలబడుతుంది. ఇప్పటికే సైటు ఉండి వదిలేసినవారు దాన్ని మూసేయకండి. ఈ వారంలోనే సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేసుకోండి, మీ పాత పేజీల్లో మంచిదాన్ని ఒకటి ఎంచుకుని దాని శీర్షిక మార్చండి, ఆ విషయం అవసరమైన ఒక్క మనిషికి పంపండి.