బండి పోవడానికి కంప మొత్తం పీకమంటే ఎలా?

ఎరువుల కొరత ఉంది, మద్దతు ధర సంగతి తేలలేదు, కౌలు రైతుకు గుర్తింపు కార్డులు అందలేదు. ఇవన్నీ వదిలిపెట్టి ఈ నెల సంపాదకీయంలో కంప్యూటర్ సంగతులేమిటని మన సభ్యుల్లో కొందరు అడగవచ్చు. అడగాల్సిందే. కానీ గత రెండు నెలల్లో గ్రామ కమిటీ సమావేశాలు ఎక్కడ జరిగినా ఒకే ఫిర్యాదు వినిపించింది. "ఆన్‌లైన్‌లో నంబరు కొడుతున్నాం, బటన్ నొక్కుతున్నాం, కాగితం రావడం లేదు." పంట రుణం రెన్యువల్‌కు బ్యాంకు వాళ్లు 1-బీ తెమ్మంటారు. 1-బీ తెరపైకి రాదు. గడువు తేదీ మాత్రం ఆగదు. గడువు దాటితే వడ్డీ రాయితీ పోతుంది. కాబట్టి ఇది కంప్యూటర్ సంగతి కాదు, రైతు జేబు సంగతి.

ముందు ఏం జరుగుతోందో చూద్దాం. ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ మనం నెట్ చూసేది క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్‌లో. మనం ఒక పేజీ చూస్తుండగా దాని మీద ఇంకో కిటికీ తెరుచుకుంటే దాన్ని పాప్-అప్ అంటారు. అడగకుండా వచ్చే ఇలాంటి కిటికీలను బ్రౌజర్ తనంతట తానే ఆపేస్తుంది. కొన్ని ప్రభుత్వ వెబ్‌సైట్లు మన అడంగల్‌నో, రసీదునో, దరఖాస్తు కాగితాన్నో సరిగ్గా ఇలాంటి కొత్త కిటికీలోనే చూపిస్తాయి. బ్రౌజర్ దాన్నీ ఆపేస్తుంది. అప్పుడు ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, అదీ ఎక్కువగా ఇంగ్లీషులో, ఒక సూచన కనబడుతుంది: మీ బ్రౌజర్‌లో పాప్-అప్ అడ్డును తీసేసుకోండి అని. తీసేయడం ఎలాగో అందులో రాయరు. పని అయ్యాక మళ్లీ పెట్టుకోమని అసలే రాయరు.

పొలానికి ముళ్ల కంప వేసుకుంటాం. బండి లోపలికి పోవాలంటే దారి దగ్గర కంప లాగి, బండి తోలి, మళ్లీ కంప వేస్తాం. కంప మొత్తం పీకేసి ఇంటికి పోయి పడుకోం. ఈ వెబ్‌సైట్లు మాత్రం కంప మొత్తం పీకమంటున్నాయి. ఆ తరవాత చేలో పడే గొడ్లకు బాధ్యత ఎవరిది?

ఈ పాప్-అప్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కోపం ఇంకొంచెం పెరుగుతుంది. 1990లలో అమెరికాలో ట్రైపాడ్ అనే వెబ్‌సైట్ ఉండేది. ఒక కార్ల కంపెనీ, తన ప్రకటన ఒక అసభ్యమైన పేజీలో కనబడిందని గొడవ చేసింది. పేజీకీ ప్రకటనకూ సంబంధం లేనట్టు కనబడేందుకు, ప్రకటనను విడి కిటికీలో చూపించే ఉపాయాన్ని ఈథన్ జుకర్‌మాన్ అనే ఆయన అక్కడ కనిపెట్టాడు. అది ప్రపంచమంతా అంటుకుంది. జనం విసిగిపోయారు. 2014లో ఆయనే ఒక వ్యాసం రాసి, తమ ఉద్దేశం మంచిదేనని చెబుతూ జనానికి క్షమాపణ చెప్పుకున్నాడు. ఈలోగా బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు ఒక్కొక్కరుగా అడ్డు పెట్టడం మొదలెట్టారు. 2004లో విండోస్ ఎక్స్‌పీకి వచ్చిన మార్పులతో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కూడా ఈ అడ్డు వచ్చింది. అంటే లోకమంతా ఈ కిటికీలను వద్దనుకుని ఇరవై ఏళ్లు దాటింది.

మన భూమి కాగితాలు ఆన్‌లైన్‌కు వెళ్లింది ఆ తరవాతే. ఆంధ్రలో మీభూమి 2015లో మొదలైంది. తెలంగాణలో ధరణి 2020 అక్టోబర్‌లో, దాని స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 2019 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009 నుంచే ఉన్నాయి, 2023లో వాటిని కొత్తగా సవరించారు కూడా. ఇంత జరిగాక ఇప్పటికీ ఏ వెబ్‌సైట్ అయినా రైతును అడ్డు తీసుకోమని అడుగుతోందంటే, లోపం రైతు ఫోన్‌లో లేదు. ఆ వెబ్‌సైట్ కట్టినవాళ్ల దగ్గర ఉంది.

ఈ మాట మేము ఊరికే అనడం లేదు. తెలిసిన పిల్లల్ని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాం. బ్రౌజర్ అన్ని కిటికీలనూ ఆపదు. మనం వేలితో నొక్కిన వెంటనే తెరుచుకునే కిటికీని రానిస్తుంది, ఎందుకంటే అది మనం అడిగినది. మనం నొక్కకుండా తెరుచుకోబోయేదాన్ని, నొక్కిన కొన్ని సెకన్లు గడిచాక తెరుచుకోబోయేదాన్ని మాత్రం ఆపుతుంది. మనం బటన్ నొక్కాక వెబ్‌సైట్ తన సర్వర్ దగ్గరకు పోయి రికార్డు వెతికి తెచ్చి, ఆ తరవాత కిటికీ తెరిచేలా కట్టి ఉంటే, సర్వర్ నెమ్మదించినప్పుడు ఆ కొన్ని సెకన్లు దాటిపోతాయి. అప్పుడు బ్రౌజర్ అది మనం అడిగింది కాదనుకుని ఆపేస్తుంది. "తెల్లవారుజామున వస్తోంది, పదకొండింటికి రావడం లేదు" అని మన సభ్యులు చెప్పే మాటకు ఇదొక కారణం కావచ్చు. రికార్డును ఉన్న పేజీలోనే చూపిస్తే, లేదా పీడీఎఫ్‌గా దించుకునే బటన్ పెడితే, ఈ గొడవే ఉండదు. రోజూ రైల్వే టికెట్లు, కరెంటు బిల్లు రసీదులు అలాగే దించుకుంటున్నాం కదా.

దీనివల్ల నష్టాలు ఏమిటంటే, అన్నిటికన్నా ముందు భయం. తెర మీద "పాప్-అప్ బ్లాక్డ్" అని వస్తుంది. భూమి విషయంలో బ్లాక్ అనే మాట రైతు చెవిన పడితే గుండె ఆగినంత పనవుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద నిషేధిత జాబితాలో సర్వే నంబర్లు చేరి, సొంత భూమిని అమ్ముకోలేక, తాకట్టు పెట్టుకోలేక తిరుగుతున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మాకు తెలిసిన ఒక ఒంటరి మహిళా రైతుకు నెట్ సెంటర్‌లో కుర్రాడు "అమ్మా, మీది బ్లాక్ అని వస్తోంది" అన్నాడు. వాడి తప్పు కూడా కాదు, తెర మీద ఉన్నది చదివాడు. ఆమె రెండు రోజులు కూలి మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. ఎవరో ఒక మధ్యవర్తి, బ్లాక్ తీయిస్తానని డబ్బు అడిగాడు కూడా. మన గ్రామ కమిటీ కార్యకర్త ఆమె ఫోన్ తీసుకుని చూస్తే భూమికి ఏమీ కాలేదు, అడ్డుపడింది కిటికీకి. ఆమెకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇదంతా రాస్తున్నాం.

రెండో నష్టం నెట్ సెంటర్ల దగ్గర. ఊళ్లో వంద మంది రైతుల పని ఒకే కంప్యూటర్ మీద జరుగుతుంది. ప్రతిసారీ ఇబ్బంది ఎందుకని అక్కడ పాప్-అప్ అడ్డును పూర్తిగా తీసేసి పెడతారు. అదే కంప్యూటర్‌లో పాటలు దించుతారు, సినిమాలు చూస్తారు. అప్పుడు దొంగ కిటికీలు లేస్తాయి: మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది ఈ నంబరుకు ఫోన్ చేయండి, మీ కేవైసీ గడువు ముగిసింది ఇక్కడ నొక్కండి, మీకు బహుమతి వచ్చింది అని. ఉన్నమాట చెప్పాలంటే, కిటికీ తెరుచుకున్నంత మాత్రాన డబ్బు పోదు. అందులో మనం ఆధార్ నంబరు, ఓటీపీ, కార్డు వివరాలు కొట్టినప్పుడో, అది ఇచ్చిన యాప్‌ను ఫోన్‌లో ఎక్కించుకున్నప్పుడో పోతుంది. కానీ ప్రభుత్వ పని మధ్యలో, ప్రభుత్వ పేజీ పక్కనే లేచిన కిటికీ దొంగదని రైతు ఎలా పోల్చుకుంటాడు? అడ్డు తీయమని చెప్పిందే ప్రభుత్వ పేజీ అయినప్పుడు, తరవాత వచ్చిన ప్రతి కిటికీ ప్రభుత్వానిదే అనుకోవడంలో వింతేముంది? పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో దొంగ ఏపీకే ఫైళ్లు తిరుగుతున్న రోజులివి. విడతకు 2,000 రూపాయలు వస్తాయని ఆశపడి నొక్కితే ఖాతాలో ఉన్నది కూడా ఊడ్చుకుపోతారు.

కాబట్టి వెబ్‌సైట్లు మారేదాకా మనం చేయాల్సింది కంప మొత్తం పీకడం కాదు, దారి దగ్గర మాత్రం తీయడం. ఫోన్‌లో క్రోమ్ వాడేవాళ్లకు కిటికీ ఆగినప్పుడు, పాప్-అప్ ఆపేశామని తెర మీద చిన్న పట్టీ వస్తుంది. అందులో ఎల్లప్పుడూ చూపించు అనే మాట ఉంటుంది. నొక్కేముందు పైన వెబ్‌సైట్ చిరునామా చూడండి. ప్రభుత్వ వెబ్‌సైట్ల పేర్లు దాదాపుగా "డాట్ జీవోవీ డాట్ ఇన్" అని గానీ "డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్" అని గానీ ముగుస్తాయి. అలా ఉంటేనే నొక్కండి. అది ఆ ఒక్క వెబ్‌సైట్‌కే వర్తిస్తుంది, మిగతా లోకానికి అడ్డు అలాగే ఉంటుంది. కంప్యూటర్‌లో అయితే చిరునామా పట్టీకి కుడివైపు చివర చిన్న గుర్తు కనబడుతుంది. దాన్ని నొక్కితే ఈ వెబ్‌సైట్‌కు మాత్రం అనుమతి ఇవ్వాలా అని అడుగుతుంది.

ఇప్పటికే ఎవరైనా పూర్తిగా తీసేసి ఉంటే తిరిగి పెట్టుకోవడం కష్టం కాదు. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కు, అందులో పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్‌కు వెళ్లండి. కంప్యూటర్‌లో అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సైట్ సెట్టింగ్స్ ఉంటుంది. ఇది చదువుతున్నవాళ్లు ఈ రోజే ఒకసారి చూసుకోండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ల చేత చేయించండి. మీ ఊరి నెట్ సెంటర్ వాళ్లకూ చెప్పండి. వాళ్లూ మన ఊరి పిల్లలే, మనతో తగువు లేదు.

ఇంకో సంగతి. ఈ కిటికీలు వేరు, నోటిఫికేషన్లు వేరు. కొన్ని వెబ్‌సైట్లు తెరవగానే "నోటిఫికేషన్లు పంపనివ్వండి" అని అలౌ, బ్లాక్ అని రెండు బటన్లు చూపిస్తాయి. కాగితం రావాలంటే దీన్నీ ఒప్పుకోవాలనుకుని చాలామంది అలౌ నొక్కేస్తున్నారు. ఏ అడంగల్‌కూ, ఏ 1-బీకీ, ఏ పహాణీకీ దానితో పని లేదు. ఒప్పుకుంటే మాత్రం రోజూ ఫోన్‌లో చెత్త వచ్చి పడుతుంది. వద్దనండి.

పొరపాటున ఎవరైనా దొంగ కిటికీలో వివరాలు ఇచ్చి డబ్బు పోతే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. సిగ్గుపడి ఇంట్లో దాచుకోవద్దు. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తరవాత బ్యాంకుకు, మన కమిటీకి చెప్పండి.

ఇదంతా రైతు చేసుకోవాల్సిన జాగ్రత్త. ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది, దాన్ని మనం వదలకూడదు. రైతు కాగితాలు ఏ వెబ్‌సైట్‌లో ఉన్నా అదే పేజీలో కనబడాలి, దించుకునే వీలుండాలి. అడ్డు తీయమనే సూచనలు వెంటనే తొలగించాలి. తొలగించేదాకా ఆ సూచన తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఈ వెబ్‌సైట్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి అని స్పష్టంగా ఉండాలి. వెబ్‌సైట్ పనిచేయక బ్యాంకు గడువు దాటితే ఆ రైతుకు గడువు పెంచాలి. అన్నిటికీ మించి, ఆన్‌లైన్‌లో రానప్పుడు ఆఫీసులో సంతకం పెట్టిన కాగితం ఇచ్చే పద్ధతి ఉండాలి. ఫోన్ లేని రైతు, ఫోన్ ఉన్నా చదవలేని రైతు ఈ రాష్ట్రాల్లో రైతులు కారా?

తహశీల్దారును అడిగితే, అది మా చేతుల్లో లేదు పైనుంచి రావాలి అంటారు. నిజమే, వెబ్‌సైట్ కట్టేది ఆయన కాదు. అందుకే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వాలని మన కమిటీలను కోరుతున్నాం. నోటిమాటగా వద్దు. కాగితం రాలేదని తెర మీద వచ్చినప్పుడు తేదీ, టైము కనబడేలా ఫోటో తీయండి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఫోటోలో కనబడకుండా చూసుకోండి. ఏ పని కోసం వెళ్లారో, ఎన్నిసార్లు ప్రయత్నించారో, నెట్ సెంటర్‌కు ఎంత ఇచ్చారో, ఎన్ని రోజుల కూలి పోయిందో రాసి జత చేయండి. అర్జీకి ఇచ్చే రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. ఆ నంబర్లను మండల కమిటీల ద్వారా వచ్చే నెల పదో తేదీలోగా మాకు పంపితే, అన్నీ కలిపి రెవెన్యూ, వ్యవసాయ శాఖల పై అధికారులకు సంఘం తరఫున అందజేస్తాం. వాళ్లు ఏం జవాబు ఇచ్చారో, ఇవ్వకపోతే ఇవ్వలేదనే సంగతి, వచ్చే సంచికలోనే అచ్చు వేస్తాం.