పంపు తుపాకీయా, సెమీ ఆటోమేటికా? కావలి రైతు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది

మొక్కజొన్న కంకి పాలు పట్టే రోజుల్లో, వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో నల్లమల అంచు రైతుకు నిద్ర ఉండదు. అహోబిలం, రుద్రవరం, శిరివెళ్ల, మహానంది, బండి ఆత్మకూరు వైపు ఏ ఊరికి పోయినా ఇదే మాట. పగలంతా చేన్లో చాకిరీ, రాత్రంతా మంచె మీద కావలి. డబ్బాలు కొట్టి, టపాకాయలు పేల్చి, చీరలు కట్టి, టార్చిలైట్లు తిప్పి అలిసిపోయాం. పందుల మంద ఒక్క రాత్రి దిగితే అర ఎకరం నేలమట్టం. అవి తినేది పిడికెడు, తొక్కి పాడుచేసేది గంపెడు.

అందుకే ఈమధ్య ఏ ఊరి సమావేశంలో కూర్చున్నా పంటల ధర, కాలువ నీళ్ల మాట అయిపోగానే తుపాకీ మాట వస్తోంది. కుర్రవాళ్లు సెల్‌ఫోన్లలో విదేశీ వీడియోలు చూసి వస్తున్నారు. "పంపు తుపాకీ మంచిదా, సెమీ ఆటోమేటిక్ మంచిదా? ఏది మొరాయించకుండా పేలుతుంది?" అని అడుగుతున్నారు. దీన్ని కొట్టిపారేయడం సంఘానికి తగదు. తెలిసినంత వరకు సూటిగా జవాబు చెప్పుకొని, ఆ తర్వాత మన అసలు బాధ దగ్గరికి వద్దాం.

రెండింటికీ తేడా ఎక్కడ

రెండూ 12 బోర్ తుపాకులే. తూటా ఒకటే, గుండ్లు ఒకటే. ఒకసారి పేలాక రెండో తూటా గొట్టంలోకి ఎట్లా వస్తుందనేదే తేడా. పంపు తుపాకీలో ఆ పని మన చెయ్యి చేస్తుంది. గొట్టం కింది పిడిని వెనక్కి లాగితే ఖాళీ తూటా బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్తది లోపలికి పోతుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని తూటాయే చేసుకుంటుంది. పేలినప్పుడు పుట్టే వాయువు బలంతోనో, వెనక్కి తన్నే ఊపుతోనో యంత్రం కదిలి, ఖాళీ తూటాను విసిరేసి కొత్తదాన్ని ఎక్కిస్తుంది. మనం మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే.

రెండూ పాత సంగతులే. అమెరికాలో జాన్ బ్రౌనింగ్ అనే ఒకే మనిషి రెండింటికీ దారి వేశాడు. ఆయన రూపొందించిన పంపు తుపాకీ వించెస్టర్ 1897 పేరుతో వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్లకే ఆయన సెమీ ఆటోమేటిక్ ఆటో-5 బజారుకు వచ్చింది. 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 అనే పంపు తుపాకీ కోటికి పైగా అమ్ముడుపోయిందంటే అది మొరాయించదనే నమ్మకమే ముఖ్య కారణం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. సెమీ ఆటోమేటిక్‌కు నాణ్యమైన తూటా కావాలి. మందు బలహీనమైనా, తూటాకు చెమ్మ తగిలినా యంత్రం సగం కదిలి ఆగిపోతుంది. వాయువుతో నడిచే రకంలో మసి పేరుకుంటుంది, తరచు విప్పి తుడవాలి. మన తుపాకులు ఎట్లా ఉంటాయో తెలుసు కదా. ఏడాదిలో పది నెలలు ట్రంకుపెట్టెలో. రాసిన నూనె బంకగా మారి ఉంటుంది. బయటికి తీస్తే నల్లరేగడి దుమ్ము, కాలువ గట్టు మంచు. అట్లాంటి చోట పంపు తుపాకీయే ఎక్కువ నమ్మకం. తూటా బలం ఎట్లా ఉన్నా చేతి బలంతో ఖాళీది బయటికి వస్తుంది. భయంలో, తొందరలో పిడిని పూర్తిగా లాగకపోతే మాత్రం అదీ ఇరుక్కుంటుంది. ఆ తప్పు మనిషిది, యంత్రానిది కాదు. సెమీ ఆటోమేటిక్‌లో మనిషి తొట్రుపాటుకు అంత చోటు లేదు, భుజానికి తన్నూ తక్కువే. శుభ్రంగా ఉంచుకొని, మంచి తూటా వాడేవాడికి అదీ నమ్మకంగానే పనిచేస్తుంది.

ఇంకో సంగతి వీడియోల్లో ఎవరూ పెద్దగా చెప్పరు. ఒక్కోసారి చెమ్మ పట్టిన తూటా 'టుప్' మని చిన్నగా పేలి, లోపలి గుడ్డమూత గొట్టంలోనే ఇరుక్కుంటుంది. సెమీ ఆటోమేటిక్ అయితే చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. పంపు తుపాకీ పట్టినవాడు అలవాటు కొద్దీ పిడి లాగి రెండోది పేలుస్తాడు. గొట్టం పగిలి చెయ్యి పోతుంది. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటాతోనూ ప్రమాదమే. అది కొన్ని క్షణాలు ఆగి పేలవచ్చు. గొట్టాన్ని ఎవరూ లేని దిక్కుకు పెట్టి కనీసం అర నిమిషం ఆగాలి. అంటే మొరాయించకపోవడం ఒక్కటే గుణం కాదు. ఆగాల్సిన చోట ఆగడమూ గుణమే.

మన చేనుకు రెండూ ఎందుకు కావు

ఇక మా అభిప్రాయం. పందికి కావలి కాసే రైతుకు ఈ రెండింటికన్నా మన తాతల కాలం నుంచి ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీయే మేలు. దాంట్లో తూటాను ఎక్కించే యంత్రమే లేదు, కాబట్టి ఇరుక్కునేదీ లేదు. ఒక గొట్టంలోది పేలకపోతే రెండోది ఉంది. చెమ్మకు ఉబ్బిన తూటా అసలు లోపలికే పోదు, చేనుకు పోకముందే తెలిసిపోతుంది. మధ్యకు విరిచి పట్టుకుంటే ఖాళీగా ఉందని పదడుగుల దూరంలో ఉన్నవాడికీ కనపడుతుంది. గొట్టంలో ఏదైనా ఇరుక్కుందేమో కంటితో చూసుకోవచ్చు. బాగు చేసే లైసెన్సు దుకాణదారుకూ తెలిసిన పనే. విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరులకు 1980ల నుంచే బంద్ అయింది. పాత విదేశీ సెమీ ఆటోమేటిక్ దొరికినా ధర చిన్నరైతు తూగేది కాదు, ఒక స్ప్రింగు పోతే మళ్లీ దొరకదు.

ఐదారు తూటాలు వరుసగా పేలితే మంచిదే కదా అని కుర్రవాళ్లు అడుగుతారు. ఆలోచించండి. మొదటి చప్పుడుకే మంద చెదిరిపోతుంది. ఆపైన పేల్చేదంతా చీకట్లో, పరుగెత్తే నీడల మీద. పక్క చేన్లో ఇంకో రైతు కావలి పడుకొని ఉంటాడు. పెద్ద గుండ్లు నలభై గజాలు దాటితే చెదిరిపోయి గురి తప్పుతాయి, కానీ వాటి ప్రాణం తీసే బలం చాలా దూరం పోతుంది. కదిలిన ఆకు మీదికి పేల్చి మనిషిని పోగొట్టుకుంటే ఏ పంట ఆ ఇంటిని నిలబెడుతుంది?

చట్టం ఏమంటోంది

1959 ఆయుధాల చట్టం సెక్షన్ 13ను ప్రతి రైతూ తెలుసుకోవాలి. పంట కాపలా కోసం నిజంగా కావాలంటే ముందు గొట్టంలోంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని అది చెప్తోంది. అది చాలదని అధికారికి తోస్తే, 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న వేరే తుపాకీకి ఇవ్వవచ్చు. సెమీ ఆటోమేటిక్‌ను 2016 ఆయుధ నియమాలు నిర్బంధ వర్గంలో పెట్టాయి. పంట కాపలా పేరుతో అది అడగడం దరఖాస్తును మనమే పాడుచేసుకోవడం.

సెక్షన్ 14 ఇంకా ముఖ్యం. ఆస్తి చాలినంత లేదనే కారణంతో మాత్రమే లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే కారణం రాతలో నమోదు చేయాలి, అడిగితే మామూలుగా దాన్ని క్లుప్తంగా తెలపాలి. సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది. ఎకరం కౌలు రైతుకూ ఈ హక్కు ఉంది. కానీ చాలా ఆఫీసుల్లో దరఖాస్తు తీసుకొని, అవునని కాదని చెప్పకుండా తిప్పడమే నడుస్తోంది. కాగితం చేతికి రాకపోతే అప్పీలుకూ దారి ఉండదు. అందుకే దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోవాలి.

లైసెన్సు ఉన్నవాడు తుపాకీని పక్కింటాయనకు "ఈ రాత్రికి నువ్వు పోయిరా" అని ఇవ్వడమూ నేరమే. పంట కోతకొచ్చే వేళ ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ స్టేషన్లో జమ చేయాల్సి వస్తుంది. మళ్లీ చేతికి వచ్చేసరికి పంట ఇంటికైనా వస్తుంది, పందుల పాలైనా అవుతుంది.

ఇంకో గట్టి ముడి ఉంది. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 2022 సవరణ తర్వాత వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. సెక్షన్ 11 ప్రకారం, నిలిచి ఉన్న పంటకు అది ముప్పుగా మారిందని నమ్మితే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి, కూర వండుకుంటే కేసు. చేతిలో ఎంత నమ్మకమైన తుపాకీ ఉన్నా ఆ కాగితం లేకపోతే జైలుకు పోయేది రైతే.

సంఘం ఏమి అడగాలి

కొందరు మిత్రులు "ఇంటికో తుపాకీ" అని డిమాండ్ పెట్టాలంటున్నారు. మేము దానికి ఒప్పుకోము. ఇది నంద్యాల, ఆళ్లగడ్డ సీమ. ఫ్యాక్షన్ల కాలంలో తుపాకీ, నాటు బాంబు మన ఊళ్లను ఎట్లా తిన్నాయో యాభై దాటిన ఎవరినడిగినా చెప్తారు. పంది కోసం ఇంట్లోకి వచ్చిన తుపాకీ గట్టు తగాదాలో బయటికి రాదని ఎవరు హామీ ఇస్తారు? కంచెకు నేరుగా కరెంటు పెట్టడం, తిండిలో నాటు మందు పెట్టడం కూడా అంతే. పంది చావడం సంగతి దేవుడెరుగు, చీకట్లో నీళ్లు కట్టబోయిన మనిషి పోతాడు, మేతకు పోయిన ఎద్దు నోరు పగులుతుంది.

పందులన్నిటినీ తుడిచిపెట్టాలని కూడా మేము అనము. మన పక్కనున్నది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. పులికి పంది ఆహారం. అడవిలో తిండి తగ్గితే పులి మన పశువుల కొట్టం వైపు చూస్తుంది.

కేరళలో 2022లో అడవి పందుల విషయంలో అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించారు. కాల్చే పని లైసెన్సు తుపాకీ ఉండి, పేరు నమోదైన వారికి ఇచ్చారు. అడవి పందిని క్రిమికీటకాల జాబితాలో చేర్చాలన్న వారి కోరికను కేంద్రం ఒప్పుకోకపోయినా, ఉన్న చట్టం లోపలే ఈ దారి దొరికింది. మన జిల్లాకూ అట్లాంటిది కావాలి. కాబట్టి సంఘం తరఫున ఈ ఐదు కోరికలు ముందుకు తేవాలని మా సూచన.

ఒకటి, అడవి అంచు మండలాల్లో సెక్షన్ 11 అనుమతి ఇచ్చే అధికారిని పేరు పెట్టి ప్రకటించాలి. రైతు ఫిర్యాదు ఇచ్చిన వారంలోపు అవునో కాదో కాగితం మీద చెప్పాలి.

రెండు, ఊరికి ఇద్దరు ముగ్గురు నిదానస్తులను ఎంచి, శిక్షణ ఇచ్చి, అటవీ సిబ్బంది ఎదుటే కాల్చే ఏర్పాటు చేయాలి. ఫ్యాక్షన్ కేసుల్లో ఉన్నవారు, తాగుడు అలవాటున్నవారు ఆ జాబితాలో ఉండకూడదు.

మూడు, లైసెన్సు దరఖాస్తు తిరస్కరిస్తే సెక్షన్ 14 ప్రకారం కారణం రాసి ఇవ్వాలి.

నాలుగు, ఎన్నికల్లో జమ చేసిన పంట కాపలా తుపాకులను ఫలితాలు వచ్చిన వారంలోపు తిరిగి ఇవ్వాలి.

ఐదు, అన్నిటికన్నా ముందు, అడవి అంచు పొడవునా సబ్సిడీ మీద సోలార్ కంచె వేయాలి. పంట నష్టం లెక్క కట్టడానికి మూడు రోజుల్లో మనిషి రావాలి, పరిహారం అదే సీజన్లో అందాలి. కౌలు రైతు పేరు మీదే అందాలి.

పంపు తుపాకీ మొరాయిస్తే ఒక రాత్రి కావలి వృథా అవుతుంది. ఆఫీసు మొరాయిస్తే పంట మొత్తం పోతుంది. రైతులు బాగు చేయించాల్సింది ఆ రెండోదాన్నే. వచ్చే నెల మండల సమావేశాలకు వచ్చేటప్పుడు ప్రతి ఊరి కమిటీ రెండు లెక్కలు రాసుకొని రావాలని కోరుతున్నాం: ఈ సీజన్లో పందులు తొక్కిన ఎకరాలు ఎన్ని, ఇచ్చిన ఫిర్యాదుల్లో రసీదు వచ్చినవి ఎన్ని. ఆ కాగితాలతోనే కలెక్టరు గారి దగ్గరికి పోదాం.