ఈ కీర్తనలో ‘నేను’ ఎవరు?

గుడ్ ఫ్రైడే రోజు తెలుగు చర్చిల్లో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి వరసగా ప్రసంగాలు చేస్తారు. ఆ ఏడింటిలో రెండు ఆయన కొత్తగా అన్నవి కావు. దేవుడు తనను ఎందుకు వదిలేశాడని అడిగే నాలుగో మాట 22వ కీర్తన మొదట్లోది. ఆత్మను దేవుడి చేతికి అప్పగించే ఏడో మాట 31వ కీర్తనలోది. ప్రాణం పోతున్న వేళ ఒక యూదుడి నోట చిన్నప్పటినుంచీ విన్న ప్రార్థనే రావడంలో వింతేమీ లేదు. వింత ఆ తర్వాత జరిగింది. ఆయన శిష్యులూ, వాళ్ల తర్వాతి తరాలూ ఆ పాటను మళ్లీ తెరిచారు. ఇది యేసు పలికిన పాట మాత్రమే కాదు, యేసును గురించిన పాట అన్నారు. ఇంకొంచెం ముందుకెళ్లి, ఆయన పుట్టడానికి శతాబ్దాల ముందే ఆయన గొంతు ఇందులో వినిపించిందన్నారు.

కీర్తనల మీద క్రైస్తవ వ్యాఖ్యానమంతా ఈ మలుపు దగ్గరే మొదలవుతుంది. ఇది మత విషయం కదా, సాహిత్య పత్రికకు ఎందుకని అడిగేవాళ్లుంటారు. కానీ ఆ వ్యాఖ్యాతలు తేల్చుకోవాలనుకున్నది మన విమర్శకులు ప్రతి కవిత దగ్గరా తేల్చుకోవాలనుకునేదే: ఇక్కడ ‘నేను’ అంటున్నది ఎవరు?

హెబ్రీ కీర్తనలు 150. వాటిని ఐదు భాగాలుగా కూర్చారు. 73 పాటల శీర్షికల్లో దావీదు పేరుంది. ఆసాపు, కోరహు కుమారుల పేర్లతో మరికొన్ని ఉన్నాయి, ఏ పేరూ లేనివీ ఉన్నాయి. 137వ కీర్తన బబులోను చెరను తలుచుకునే పాట. దావీదుకూ ఆ చెరకూ మధ్య సుమారు నాలుగు వందల ఏళ్లు. కాబట్టి ఇది ఒక కవి రాసుకున్న సంపుటం కాదు. ఒక జాతి తరతరాలుగా గుడిలో, ప్రవాసంలో పాడుకుంటూ దాచుకున్న మూట. పైగా ఈ కవులు వివరాలు చెప్పరు. తరుముతున్న శత్రువు పేరేమిటో, పట్టి పీడిస్తున్న జబ్బేమిటో, తప్పుడు సాక్ష్యం ఏ కేసులోనో మనకు తెలియదు. బాధ మాత్రం పచ్చిగా ఉంటుంది. ఎవరొచ్చి కూర్చున్నా సరిపోయే పీట అది. మొదటి క్రైస్తవులు ఆ పీట మీద యేసును కూర్చోబెట్టారు.

దానికి వాళ్లు చూపిన తర్కం ఎలాంటిదో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో, పెంతెకొస్తు రోజున పేతురు చేసిన ప్రసంగంలో కనిపిస్తుంది. 16వ కీర్తనలో ‘నేను’ కుళ్లిపోనని ఆశపడుతుంది. దావీదు చనిపోయాడు, సమాధి ఇక్కడే ఉంది, కాబట్టి ఆ ‘నేను’ దావీదు కాదు, ఇంకొకరు అంటాడు పేతురు. కొత్త నిబంధనలో అన్నిటికంటే ఎక్కువగా ఉదహరించిన 110వ కీర్తననూ ఇదే పద్ధతిలో చదివారు. హెబ్రీయులకు రాసిన పత్రిక మరో అడుగు వేసి, 22వ కీర్తన చివరి భాగంలోని స్తుతిని నేరుగా యేసు నోటే పలికించింది.

పింగళి సూరన రాఘవపాండవీయం చదివినవాళ్లకు ఒకే పద్యంలో రెండు కథలు నడవడం కొత్త కాదు. అయితే సూరన కావాలని, పంతం పట్టి అలా కట్టాడు. కీర్తనకారుడు అలా కట్టలేదు. రెండో అర్థం చదివినవాళ్లు ఇచ్చింది. క్రైస్తవ వేదాంతులు దీన్ని ఒప్పుకోరు. దావీదుకు తెలియకపోయినా పరిశుద్ధాత్మకు తెలుసంటారు. అంటే వాళ్ల లెక్కలో సూరన దావీదు కాదు, దేవుడు. విశ్వాసి ఆ మాట నమ్మొచ్చు, అది విశ్వాసి ఇష్టం. విమర్శకుడు చూడాల్సింది ఆ రెండో అర్థం పాట పొడుగునా నిలుస్తుందా, మధ్యలో ఎక్కడైనా తెగుతుందా అని.

69వ కీర్తనలో అది తెగింది. ఆ పాటలో దాహానికి చిరక ఇచ్చారన్న మాట ఉంది. సువార్తల్లో సిలువ దగ్గరి సంఘటనకు అది అచ్చంగా సరిపోతుంది. దేవుడి ఇంటి గురించిన ఆసక్తి తనను తినేస్తోందన్న మాటనూ యోహాను సువార్త యేసుకే అన్వయించింది. మరి అదే పాటలో, అదే గొంతు తన తెలివితక్కువతనాన్నీ అపరాధాలనూ ఒప్పుకుంటుంది. పాపం లేనివాడని నమ్మే యేసు ఆ మాట ఎలా అంటాడు? 41వ కీర్తనలోనూ ఇదే చిక్కు. తన రొట్టె తిన్నవాడే తన మీద తిరగబడ్డాడన్న వాక్యాన్ని యూదా ఇస్కరియోతు ద్రోహానికి ముడిపెట్టారు. ఆ పాటలోనే కొంచెం పైన ‘నేను’ పాపం చేశానంటుంది. కావలసిన వాక్యం తీసుకుని మిగతాది వదిలేస్తే పని సులువే. ఈనాటికీ చాలా ప్రసంగాలు చేసేది అదే.

హిప్పో బిషప్పు అగస్తీను అలా వదిలేయలేదు. ఆయన రచనల్లోకెల్లా పెద్దది కీర్తనల వ్యాఖ్యానమే. 150 పాటల్నీ తడిమాడు. చిక్కుముడి విప్పడానికి ఆయన పట్టుకున్నది యేసు అనుచరుల్ని హింసించిన సౌలు కథ. దమస్కు దారిలో సౌలుకు వినిపించిన గొంతు, నా వాళ్లను ఎందుకు హింసిస్తున్నావని కాక, నన్నెందుకు హింసిస్తున్నావని అడిగింది. అప్పటికి యేసు భూమ్మీద లేడు, దెబ్బలు తింటున్నది ఆయన అనుచరులు. కాబట్టి క్రీస్తు శిరస్సు, సంఘం శరీరం, రెండూ కలిసి ఒకే మనిషి. కీర్తనల్లో ఒకసారి శిరస్సు మాట్లాడుతుంది, ఒకసారి శరీరం మాట్లాడుతుంది, నోరు మాత్రం ఒక్కటే అన్నాడు అగస్తీను. పాపం ఒప్పుకునేది శరీరం.

సిద్ధాంతం సంగతి పక్కన పెట్టి చూసినా ఇది గొప్ప పఠన పద్ధతి. ‘నేను’ను ఒక్క మనిషికి కట్టేయకుండా, ఒక గొంతులో అనేకుల్ని వినే చెవి ఇందులో ఉంది. కార్తేజీ పేదరాలు పాడినా, జైల్లో ఉన్నవాడు పాడినా పాట వాళ్లదే అవుతుంది. 430లో వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉన్నప్పుడు, మరణశయ్య మీద అగస్తీను పశ్చాత్తాప కీర్తనలు కొన్ని రాయించి గోడకు పెట్టించుకుని, చదువుకుంటూ ఏడ్చాడని ఆయన శిష్యుడు పొసిడియస్ రాశాడు. అప్పుడు ఆ ‘నేను’ ఎవరో తెలియడానికి ఆయనకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

అదే కాలంలో సిలీసియాలో మొప్సుయెస్తియా బిషప్పు థియోడోరు ఇంకో దారిన నడిచాడు. ప్రతి పాటకూ ఇశ్రాయేలు చరిత్రలో ఒక సందర్భం వెతికాడు. సూటిగా క్రీస్తును గురించినవి నాలుగే కీర్తనలు, 2, 8, 45, 110 అని తేల్చాడు. 22వ కీర్తన కొడుకు అబ్షాలోము తిరుగుబాటుకు పారిపోయిన దావీదు గోడు అన్నాడు. ఆయన 428లో చనిపోయాడు. 125 ఏళ్ల తర్వాత, 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆయన్ని శపించింది, ఈ అన్వయాలనూ తప్పుల జాబితాలో చేర్చింది. గ్రీకు మూలం చాలావరకు పోయింది. మా అభిప్రాయంలో ప్రార్థించడానికి అగస్తీను దారి మేలు, చదవడానికి థియోడోరు దారి మేలు. రెంటినీ ఉంచుకోవాల్సిన చర్చి ఒకదాన్ని తగలేసుకుంది.

యేసును ఆ పీట మీద కూర్చోబెట్టిన ఫలితం పుస్తకాలతో ఆగలేదు. ‘నేను’ యేసు అయితే పాటలో చుట్టుముట్టిన శత్రువులు ఎవరు? ఆ ఖాళీనీ పూరించాలి కదా. రెండో శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జస్టిన్, త్రిఫో అనే యూదుడితో సంభాషణగా రాసిన గ్రంథంలో 22వ కీర్తనను వాక్యం వెంట వాక్యం యేసు శ్రమలకు అన్వయించి, చుట్టుముట్టిన మూకను యూదులుగా చూపాడు. పాట రాసినవాళ్లే పాటలో దుర్మార్గులైపోయారు. 59వ కీర్తనలో శత్రువుల్ని చంపొద్దు, చెదరగొట్టు అనే ప్రార్థన ఉంది. అగస్తీను దీన్ని యూదులకు అన్వయించి, వాళ్లు చెల్లాచెదురై తమ గ్రంథాలతో క్రైస్తవానికి సాక్షులుగా బతకాలన్నాడు. 1146లో రెండో క్రూసేడు వేళ రైన్ తీరంలో యూదుల మీదికి జనాన్ని ఎగదోస్తుంటే క్రైస్తవ మఠాధిపతి బెర్నార్డు అడ్డుపడ్డాడు. ఆయన చూపించిందీ ఆ కీర్తననే. ఒక వ్యాఖ్యానం వల్ల ప్రాణాలు దక్కాయి, నిజమే. తలెత్తుకుని బతికే హక్కు మాత్రం దక్కలేదు.

యూదులేమైనా ఆ పీటను ఖాళీగా ఉంచారా అంటే, లేదు. తాల్ముదు 22వ కీర్తన గోడును ఎస్తేరు రాణి నోట పెట్టింది, పిలవకుండా రాజు దగ్గరికి ప్రాణాలకు తెగించి వెళ్తున్న ఘడియలో. ఇదీ దావీదు దగ్గర ఆగిన పఠనం కాదు. పదకొండో శతాబ్దంలో ఫ్రాన్సులోని త్రోయేలో యూదు వ్యాఖ్యాత రాషీ 2వ కీర్తన దగ్గర, పూర్వులు దీన్ని మెస్సీయకు చెప్పారు గానీ సాదా అర్థంలో దావీదుకు చెప్పడమే సరి అన్నాడు. పక్కింటి క్రైస్తవులు ఆ పాటనే తమ మీదికి ఎత్తి చూపుతుంటే, సొంత పూర్వుల అన్వయం నుంచే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మెస్సీయను వదులుకుని దావీదును కాపాడుకున్నాడు.

ఇక ఇరవయ్యో శతాబ్దం. గుంకెల్, మోవింకెల్ వంటి పండితులు ఎవరన్న ప్రశ్నను తప్పించి, ఏ సందర్భంలో, ఏ పూజలో పాడేవారని అడిగారు. విలాపాలు, స్తుతులు, రాజకీర్తనలు అని పాటల్ని తెగలుగా విడదీశారు. పని గట్టిది. అది చదివాక కీర్తనలు బాగా అర్థమవుతాయి, కానీ గొంతు తగ్గుతుంది. ఆ గొంతును మళ్లీ విన్నవాడు జర్మన్ పాస్టరు డీట్రిష్ బోన్‌హోఫర్. కీర్తనలు క్రీస్తు ప్రార్థనలన్న పాత నమ్మకమే ఆయనదీ. అయితే 1938 నవంబరులో నాజీలు యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టినప్పుడు ఆయన తన బైబిల్లో 74వ కీర్తన దగ్గర, దేవుని సమాజమందిరాలను కాల్చేశారన్న వాక్యం పక్కన, 9.11.38 అని తేదీ వేసుకున్నాడు. పాటలో కాలుతున్నది యూదుల మందిరమే, ఇప్పుడు కాలుతున్నదీ అదే. అన్వయం లేకుండా చదవడమే ఆ రోజున ధైర్యం. 1940లో కీర్తనల మీద చిన్న పుస్తకం వేశాడు. మరుసటేడు ఆయన రచనల ప్రచురణను నాజీ ప్రభుత్వం నిషేధించింది. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరి తీసింది.

చివరగా శాప కీర్తనలు. 137వ కీర్తన చివర బబులోను పసిపిల్లల్ని బండకేసి కొట్టేవాడు ధన్యుడంటుంది. తొలినాటి క్రైస్తవ వ్యాఖ్యాత ఓరిగెను, అగస్తీను ఆ పిల్లలు అప్పుడే పుట్టే చెడు కోరికలనీ, బండ క్రీస్తనీ చెప్పారు. తెలివైన అన్వయమే, కానీ గాయం కనిపించకుండా కట్టు కట్టడం. 1971లో వచ్చిన కాథలిక్ దైనందిన ప్రార్థనల గ్రంథం ఇంకో పని చేసింది: 58, 83, 109 కీర్తనల్ని పూర్తిగా, 137లో ఆ చివరి వాక్యాల్ని తీసేసింది. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది తీసేయలేదు, ప్రసంగానికి ఎంచుకోవడం మాత్రం అరుదు. 109లోని శాపాలు ప్రార్థించేవాడివి కావు, అతని మీద నేరం మోపినవాళ్ల మాటల్ని అతను తిరిగి చెబుతున్నాడని కొందరు పండితులంటారు. ఇక్కడా అదే పేచీ: మాట్లాడుతున్నది ఎవరు?

ఆ ప్రశ్నకు తెలుగు నేల మీద జవాబులున్నాయి. 1985లో కారంచేడులో ఆరుగురు, 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితుల్లో ఆదివారం చర్చికి వెళ్లి ఈ కీర్తనలే విన్న కుటుంబాలున్నాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. చేతిలో కత్తిలేనివాడు, కోర్టులో ఓడినవాడు ప్రతీకారాన్ని తన చేతుల్లోకి తీసుకోకుండా దేవుడికి అప్పజెప్పే మాటలు శాప కీర్తనలు. బబులోను రాజు వాటిని పాడితే అది క్రూరత్వం. బబులోను చెరలో ఉన్నవాడు పాడితే అది ఫిర్యాదు. ఆ తేడా తెలియనివాళ్లు వాటిని కోసేయకూడదు. 1971 నిర్ణయం తప్పని మా తీర్పు.

పాస్టర్లకూ వేదాంత విద్యార్థులకూ ఒక మనవి. 109నో 58నో ఒక ఆదివారం ప్రసంగానికి పూర్తిగా, ఏ వాక్యమూ వదలకుండా తీసుకోండి. 22వ కీర్తన మీద రాసేటప్పుడు రాషీనీ థియోడోరునూ కూడా బల్ల మీద పెట్టుకోండి. మీ ఊళ్లో ఈ పాటల్ని ఎవరు, ఏ కష్టంలో ఎలా చదువుకున్నారో విని రాయండి. క్రైస్తవులే రాయాలని లేదు. అలాంటి వ్యాసాలు వస్తే వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం.