సొరకాయ హల్వాలో సొరకాయ ఎంత?

పెరట్లో కాయలు ఎక్కువైపోతే స్వీటు చేసెయ్యడం మంచి అలవాటని అందరూ అంటారు. నాకు ఇందులో సగమే ఒప్పుదల. కాయ పారెయ్యకూడదన్నది నిజమే, కానీ "కూరగాయతో చేసిందే కదా, ఒంటికి మంచిది" అంటారు చూడండీ, అక్కడే నాకు పేచీ.

మాది గూడూరు. బయటివాళ్ళకి నిమ్మకాయల ఊరుగానే తెలుసు గానీ, ఇళ్ళల్లో అసలు సమస్య నిమ్మకాయలు కాదు, సొరపాదు. నిమ్మకాయలు మిగిలితే ఊరగాయ ఉంది. సొరపాదు పందిరెక్కి కాపుకొచ్చిందంటే వారానికి ఎన్ని కాయలు దిగుతాయో చెప్పలేం. పులుసు, పప్పు, పచ్చడి అన్నీ అయ్యాక వీధిలో పంచడం మొదలు. కొన్నాళ్ళకి వీధిలో వాళ్ళు కూడా "వద్దు నాయనా, మా ఇంట్లోనూ ఉన్నాయి" అంటారు. అప్పుడిక హల్వా.

ఆ హల్వా గిన్నె తిరిగి తిరిగి మా ఇంటికీ వస్తుంది. మా నాన్నకి షుగరు వచ్చి పదేళ్ళు దాటింది. "సొరకాయే అన్నా, చలవ చేస్తుంది, ఏం కాదు తిను" అంటూ ప్రేమగా పెడతారు. ఆయనా ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు తినేస్తారు. జిలేబీ అయితే చెయ్యి వెనక్కి తీసుకునే మనిషి, సొరకాయ పేరు వినగానే రెండోసారి కూడా వడ్డించుకుంటారు!

సరే, లెక్క చూద్దాం (కోడు రాసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది). సొరకాయలో 96 శాతం దాకా నీళ్ళే. అంటే కిలో తురుములో ఉన్న అసలు సరుకు సుమారు 40 గ్రాములు. దానికి మా ఇళ్ళల్లో పావుకిలో పంచదార, అరలీటరు పాలు, 100 గ్రాముల నెయ్యి వేస్తారు. పాలు ఇగిరితే ఓ 60 గ్రాములు మిగులుతుంది. మొత్తం 450 గ్రాములు, అందులో సొరకాయ వాటా పదోవంతు కూడా లేదు. తురుము పిండి ఆ నీళ్ళు పారబోసేవాళ్ళకి ఇంకా తక్కువ. మిగతాదంతా పంచదార, నెయ్యి, పాలు. నేతి హల్వాగానే తినండి, బ్రహ్మాండంగా ఉంటుంది, కాదనను. కూరగాయ ఖాతాలో మాత్రం రాయకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ కథ వేరేగా ఏం లేదు. అక్కడ వేసవిలో జుకినీ ఇలాగే విరగకాస్తుంది. ఆగస్టు 8ని సరదాకి "పొరుగింటి అరుగు మీద చెప్పకుండా జుకినీ పెట్టి వచ్చే రోజు" అని కూడా అనుకుంటారట. దాన్ని తురిమి బ్రెడ్డు అనే పేరుతో కేకు చేస్తారు. అందులో జుకినీ చేసే పని తడి ఆరిపోకుండా చూడటం, అంతే. తీపి అంతా పంచదారదే. మనవాళ్ళు అదే కేకులో జుకినీ బదులు లేత సొరకాయ వేసేస్తారు. తిన్నవాడికి తేడా తెలియదు.

ఇంగ్లండులో యుద్ధకాలంలో ఇది తలకిందులుగా జరిగింది. 1940 జనవరిలో పంచదారకి రేషను పెట్టారు. పంచదార దొరక్క తీపి కోసం పుడ్డింగుల్లో క్యారెట్టు వేసుకున్నారు. అంటే అక్కడ కూరగాయ పంచదార స్థానంలోకి వచ్చింది. మన హల్వాలో కూరగాయ పంచదారని వెంటబెట్టుకుని వస్తుంది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. సొర, దోస, గుమ్మడి, జుకినీ ఇవన్నీ ఒకే కుటుంబం. వీటిలో ఒక్కోసారి కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఎక్కువవుతుంది. ఇంట్లో దాచిన విత్తనానికి ఏదో చేదు జాతి పుప్పొడి కలిసి ఉంటే అలా అవుతుంది, ఎండకీ నీటి ఎద్దడికీ కూడా చేదెక్కచ్చు. ఉడికించినా పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీనే వేసింది. చేదుగా ఉన్న రసం తాగొద్దని వాళ్ళు చెప్పారు. 2015లో జర్మనీలో హైడెన్‌హైమ్ అనే ఊళ్ళో పక్కింటివాళ్ళు పెరట్లో కాసిన జుకినీ ఇస్తే, దాంతో కూర వండుకు తిని 79 ఏళ్ళ పెద్దాయన పోయాడు. ప్రేమగా ఇచ్చిన కాయే!

కూరలో చేదు ఉంటే నాలుక వెంటనే పట్టేస్తుంది. పావుకిలో పంచదార, యాలకులు పడ్డాక అంత తేలిగ్గా పట్టుకోలేదు. అందుకే పెరటికాయతో స్వీటు చేసేముందు పచ్చిముక్క ఒకటి నాలుక చివర పెట్టి చూడాలి. చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారెయ్యాలి. "కొంచెమే కదా, బెల్లం ఎక్కువేద్దాం" అనే బేరం ఇక్కడ పనికిరాదు. ఎవరింటి నుంచి వచ్చిన కాయైనా సరే.

మరి మిగిలిన కాయలేం చెయ్యాలి అంటారా? లేత సొరకాయని దాని మానాన పులుసుకే వదిలెయ్యమంటాను. స్వీటుకి తీపి గుమ్మడి పెట్టుకోండి. దానికి సొంత తీపి ఉంది, కావలసిందల్లా నీళ్ళు పోగొట్టడం. ఓవెన్ ఉంటే సరే, లేకపోతే మా అమ్మ పద్ధతి: పాత కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి సన్నసెగన ఓ గంట. ముక్కలు అంచుల దగ్గర రంగు తిరిగి, గుజ్జు చిక్కబడుతుంది. ఆ గుజ్జుని శనగపప్పు పూర్ణంలో కలిపి చూడండి, మామూలుగా వేసే బెల్లంలో సగం చాలు. పైన గూడూరు నిమ్మకాయ తొక్క కొంచెం తురిమితే, ఇంకో బెల్లంముక్క వెయ్యాలని కూడా అనిపించదు.

చిలగడదుంపకైతే అదీ అక్కర్లేదు. నిదానంగా కాలుతున్నప్పుడు దానిలోని ఎంజైమే పిండిని చక్కెరగా మారుస్తుంది, అందుకే హడావిడిగా మైక్రోవేవ్‌లో ఉడికించినదాని కంటే నివురులో కాల్చింది తియ్యగా ఉంటుంది. షుగరున్నవాళ్ళకి అదీ లెక్కలోకే వస్తుందనుకోండి, అది వేరే సంగతి. కానీ నాన్నకి సగం దుంప పెట్టినప్పుడు ఎంత పెట్టామో మాకు తెలుస్తుంది. హల్వా గిన్నె వచ్చిన రోజు అది తెలియదు.