కారా, పికప్పా? షోరూమ్‌కి పోకముందే రోజులు లెక్కపెడదాం



గూళ్ల ధర తర్వాత మన గ్రూపుల్లో ఇప్పుడు ఎక్కువగా నలుగుతున్న మాట కరెంటు బండి. పంట బాగా వచ్చింది, కొంత చేతి డబ్బు, కొంత అప్పు పెట్టి ఒక బండి తీసుకోవాలి, ఎత్తుగా ఉండే క్రాస్‌ఓవర్ కారు మేలా, చిన్న పికప్ మేలా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చింతామణి వైపు నుంచీ అదే ప్రశ్న, హోసూరు వైపు నుంచీ అదే ప్రశ్న. జవాబు చెప్పేవాళ్లు మాత్రం ఎక్కువగా ఒకే మాట అంటున్నారు: "ఏదో ఒకటి తీసుకో, రెండు పనులూ అదే చేస్తుంది."

మా అభిప్రాయం సరిగ్గా దీనికి ఎదురు. రెండు పనులూ ఒకే బండి చేస్తుందనుకుని కొనడమే అన్నిటికంటే చెడ్డ బేరం. కారు గూళ్లను చెడగొడుతుంది, పికప్ మనుషులను ప్రమాదంలో పెడుతుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

*కారు డిక్కీలో పంట పడుతుందా?*

క్రాస్‌ఓవర్ అంటే కారే, కొంచెం ఎత్తుగా, మట్టి రోడ్డుకు ఓర్చుకునేలా కట్టినది. 2024 జనవరిలో వచ్చిన టాటా పంచ్ ఈవీ, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన ఎంజీ విండ్సర్ ఈ జాతివే. పంచ్ వచ్చినప్పుడు చెప్పిన డిక్కీ 366 లీటర్లు. విండ్సర్‌ది 604 లీటర్లు.

ఇప్పుడు మన గూళ్ల లెక్క. మంచి బైవోల్టిన్ గూళ్లు కిలోకు 550 నుంచి 600 దాకా తూగుతాయి. లీటరు కొలతకు నూరు గూళ్లు పడతాయనుకుంటే కిలోకు ఆరు లీటర్ల చోటు కావాలి. 200 గుడ్ల పంట మంచిగా వచ్చి 140 కిలోలు దిగితే, 800 లీటర్లకు పైగా చోటు కావాలి. పంచ్ డిక్కీలో 60 కిలోలు, విండ్సర్ డిక్కీలో 100 కిలోలు. మిగతావి వెనక సీటు మడిచి పెడతాం అంటారు. పెట్టవచ్చు. కానీ గూడు బియ్యం కాదు, లోపల ప్రాణమున్న పురుగు ఉంది. అది ఊపిరి తీస్తుంది, వేడి పుట్టిస్తుంది, తేమ వదులుతుంది. గాలి ఆడని చోట బస్తాల్లో కుక్కి పెడితే అడుగునున్న గూళ్లు నలిగి లోపలే కరిగిపోతాయి. ఒక్క గూడు కరిగితే పక్కన నాలుగింటికి మరక. మార్కెట్లో రీలర్ చేయి పెట్టి చూసేది దాన్నే. ఇంటి దగ్గర లాటు ఎంత బాగున్నా, దారిలో చెడితే ధర పడేది మనకే.

ఇంకొకటి. గూళ్లతోపాటు ఉజీ ఈగ పిల్లలూ వస్తాయి, దుమ్మూ వాసనా వస్తాయి. షెడ్డులో చల్లినట్టు కారు సీట్ల మీద బ్లీచింగ్ పొడి చల్లలేం కదా.

కారుకు ఒక మంచి గుణం ఉంది, అదీ చెప్పాలి. రెండో జ్వరం దాటిన చాకీ పురుగులను చాకీ కేంద్రం నుంచి తెచ్చేటప్పుడు ఎండ తగలకుండా, చల్లగా తేవాలి. ఆ పనికి ఏసీ ఉన్న కారు నిజంగానే బాగుంటుంది. కానీ అది పంటకు ఒక్కసారి, ఒకటి రెండు గంటల పని. తెల్లవారుజామున తెచ్చుకుంటే ఏసీ లేకుండానూ జరిగిపోతుంది.

*పికప్‌లో ఇంటిల్లిపాదీ ఎక్కవచ్చా?*

పికప్ వైపు మాట్లాడేవాళ్లు, "గూళ్లకు గూళ్లు, పెళ్లికి పేరంటానికి వెనక చాప వేసుకుని అందరం పోవచ్చు" అంటారు. మన ఊళ్లలో ఇది మామూలే. అయినా గట్టిగా చెప్పాల్సిన మాట ఇది: సరుకుల బండి వెనక మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. అలా ఉట్టినే ఎక్కిన మనిషికి ఏమైనా జరిగితే బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. సరుకుతోపాటు పోయే సరుకు యజమాని సంగతి వేరు, అతనికి బీమా ఉంది. అతను కూర్చోవాల్సింది కూడా ముందు క్యాబిన్‌లోనే. అంటే గూళ్లతో మార్కెట్టుకు పోయే రైతుకు రక్షణ ఉంది, వెనక కూర్చున్న అవ్వకూ పిల్లలకూ లేదు. పికప్ కొంటే డ్రైవరు పక్కన ఒక్కరికే చోటనుకుని కొనాలి. ఆసుపత్రికి ముగ్గురు పోవాల్సిన రాత్రి ఏం చేస్తామో ముందే ఆలోచించుకోవాలి.

లైసెన్సు గురించి భయం అక్కర్లేదు. కారు లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు సరుకుల బండి నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో ఖాయం చేసింది. బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబరులోనే మినహాయింపు ఇచ్చింది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బీమా మాత్రం తప్పవు. ఆకుపచ్చ పలకపై పసుపు అక్షరాలు ఉంటే అది రవాణా బండి, తెల్ల అక్షరాలు ఉంటే సొంత వాడకం బండి.

*డబ్బు ఎక్కడ మిగులుతుంది?*

కరెంటు బండి గుణం ఒకటి బాగా గుర్తుపెట్టుకోవాలి. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. కాబట్టి నడిస్తేనే మిగులు, నిలబడితే నష్టం.

లెక్క వేద్దాం. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీలో 21.3 యూనిట్లు పట్టే బ్యాటరీ ఉంది. కాగితం మీద 154 కిలోమీటర్లు. బరువుతో, మన రోడ్ల మీద నూరు అనుకుందాం. యూనిట్ 8 రూపాయలైతే కిలోమీటరుకు 1 రూపాయి 70 పైసలు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ బండికి, డీజిల్ 90 రూపాయలైతే, కిలోమీటరుకు 5 రూపాయలు. కిలోమీటరుకు సుమారు 3 రూపాయల 30 పైసలు మిగులు.

ఏడాదికి ఆరు పంటలు తీసి, ప్రతిసారీ రానూపోనూ 60 కిలోమీటర్లు మార్కెట్టుకు పోయే ఇంటికి ఆ పికప్ నడిచేది 360 కిలోమీటర్లు. మిగిలేది 1,200 రూపాయలు. అదే బండి ఏడాదికి 20,000 కిలోమీటర్లు నడిస్తే మిగిలేది 66,000 రూపాయలు. బండి ఒకటే, బ్యాటరీ ఒకటే, తేడా అంతా నడిచిన రోజుల్లో ఉంది.

కారుకూ ఇదే న్యాయం. 8 లక్షల అప్పు, పది శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అంటే నెలకు సుమారు 17,000 కిస్తీ, ఏడాదికి 2 లక్షల 4 వేలు. కిలో గూళ్లు 500 అనుకుంటే అది 408 కిలోల గూళ్ల ధర. అంటే 140 కిలోల పంటలు దాదాపు మూడు, కూలీ, ఎరువు, చాకీ ఖర్చులు తీయకముందే, కారు కిందికి పోతాయి. ఆరు పంటల ఇంటికి అది సగం రాబడి. ఒక పంటకు పాలరోగం తగిలినా, ధర జారినా, బ్యాంకువాడు ఆగడు. పురుగు గూడు కడుతుంది కానీ కారు కిస్తీ కట్టదు.

ఇంట్లో ఒకరు రోజూ దేవనహళ్లికో హోసూరు ఫ్యాక్టరీకో పోయి వస్తుంటే సంగతి వేరు. రోజుకు 60, 70 కిలోమీటర్లు నడిచే కారుకు కరెంటు నిజంగా కలిసొస్తుంది, కిస్తీ జీతం నుంచి పోతుంది. అలాంటి ఇంటికి క్రాస్‌ఓవర్ కారే సరి. గూళ్లకు మాత్రం బాడుగ బండి పిలుచుకోవాలి. సంబంధాలు చూడటానికి వచ్చేవాళ్ల ముందు వాకిట్లో కారు ఉండాలని కొనేవాళ్లూ ఉన్నారు. మర్యాద మాట మేము కాదనం. కానీ ఆ మర్యాదకు ఏడాదికి మూడు పంటలు ఎక్కువ ధర.

*మరి మేమేమంటాం?*

ఒకటి రెండు ఎకరాల మల్బరీ ఉన్న ఇల్లు ఒంటరిగా పికప్ కొనవద్దు. నాలుగిళ్లు కలిసి కొనండి. ఒకే చాకీ కేంద్రం నుంచి ఒకే రోజు పురుగులు దించుకునే నాలుగిళ్లకు గూళ్లు కూడా దాదాపు ఒకేసారి విడుస్తాయి. ఇంటికి 140 కిలోల చొప్పున 560 కిలోలు. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో ఈవీ 750 కిలోలు మోస్తుందని చెప్పారు, అప్పటి షోరూమ్ ధర 6 లక్షల 50 వేలు. ఏస్ ఈవీలో 2024లో వచ్చిన రకం ఒక టన్ను మోస్తుంది. మహీంద్రా జియో లాంటివీ ఉన్నాయి. 5 లక్షల అప్పు చేస్తే అదే వడ్డీకి, అదే గడువుకి కిస్తీ నెలకు సుమారు 10,600. ఇంటికి 2,650. గూళ్లు లేని రోజుల్లో ఆ బండి టమాటా, పాలక్యాన్లు, ఎరువు మోసి తన కిస్తీలో కొంత తనే సంపాదించుకుంటుంది.

కలిసి కొనడం అనగానే "కలిసి కొన్నది కలహానికే" అంటారు. అది నోటిమాట మీద కొన్నప్పుడు. రైతు సంఘం ఉంటే సంఘం పేరున రిజిస్టర్ చేయించండి. లేకపోతే ఒకరి పేరున తీసుకుని, ఎవరి వాటా ఎంత, ఏ రోజు ఎవరిది, మరమ్మతు ఎవరు భరించాలి, ఒకరు తప్పుకుంటే లెక్క ఎలా తేల్చాలి అని కాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి.

టమాటా మాట వచ్చింది కాబట్టి ఒక నియమం పెట్టుకోవాలి. మందు కొట్టిన టమాటా మోసిన బండిలో అలాగే మల్బరీ ఆకు వేసినా, చాకీ ట్రేలు పెట్టినా, పురుగు బతకదు. చాకీకీ ఆకుకీ ముందురోజు బండి ట్రాలీ నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి. బాడుగ బండిలో నిన్న ఏం మోశారో మనకు తెలియదు. సొంత బండిలో తెలుస్తుంది. సొంత పికప్ వైపు మేము మొగ్గడానికి ఇదీ ఒక పెద్ద కారణం. గూళ్లకు మూసిన డబ్బా కన్నా పక్కల గాలి ఆడే జాలీ, పైన టార్పాలిన్, క్రేట్లలో వదులుగా పోసిన గూళ్లు మంచివి.

*దూరం, కరెంటు*

చింతామణి నుంచి శిడ్లఘట్ట మార్కెట్టుకు ముప్పై కిలోమీటర్లు అటూ ఇటూ. పికప్ హాయిగా పోయి వస్తుంది. శిడ్లఘట్ట చుట్టుపక్కల నుంచి రామనగరానికి ఒకవైపే నూరు దాటుతుంది. అక్కడ చార్జ్ చేయనిదే తిరిగి రాలేం. వేలం ముగిసి తూకం అయ్యేలోపు చార్జింగ్ దొరుకుతుందా, గూళ్లు దించాక బండి ఎక్కడ పెట్టాలి అని ఒకసారి పోయి చూసి రండి. ప్రతి పంటా రామనగరానికే పోయేవాళ్లు ఇంకా డీజిల్ బాడుగ బండి మానకపోవడమే మేలు.

చార్జింగ్‌కి పంపుసెట్ లైను వాడకండి. కర్ణాటకలో పది హెచ్‌పీ దాకా, తమిళనాడులోనూ వ్యవసాయానికి ఉచితంగా ఇచ్చే కరెంటు అది. దానితో బండి చార్జ్ చేస్తే అనుమతి లేని వాడకం కింద జరిమానా పడుతుంది. ఇంటి లైనుకు ఇంకో చిక్కు ఉంది. కర్ణాటకలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం మనమే కట్టాలి. ఏస్ ఈవీకి ఒక పూర్తి చార్జ్ 20 యూనిట్లకు పైనే, నెలకు పది చార్జ్‌లతోనే ఆ గీత దాటిపోతుంది. నాలుగిళ్ల బండి ఒకే ఇంట్లో చార్జ్ చేస్తే ఆ ఇంటివాళ్ల రాయితీ పోతుంది. ఆ ఖర్చు నలుగురి లెక్కలోనూ రాయాలి. మంచి ఎర్తింగ్, చార్జర్ కంపెనీ చెప్పిన ప్లగ్గు తప్పనిసరి.

షోరూమ్‌కి పోయే ముందు ఒక పాత క్యాలెండర్ తీసుకోండి. గడిచిన ఏడాదిలో గూళ్లు పోయిన రోజులు, చాకీ తెచ్చిన రోజులు, కూరగాయలు మోసిన రోజులు, మనుషులం ముగ్గురికి మించి కలిసి పోయిన రోజులు గుర్తుపెట్టండి. ఇంట్లో ఆడవాళ్లను దగ్గర కూర్చోబెట్టుకోండి. పురుగులకు ఆకు వేసే చేతులు వాళ్లవే, ఏ రోజు బండి లేక ఇబ్బంది పడ్డారో వాళ్లకే బాగా గుర్తుంటుంది. సరుకు రోజులు 150 దాటితే మీ ఇంటికే ఒక పికప్. దాటకపోతే నలుగురితో కలిసి. రోజూ ఉద్యోగానికి పోయే మనిషి ఉంటే కారు. ఇవేవీ కాకపోతే ఇప్పటికి బాడుగ బండే చాలు, ఆ డబ్బు షెడ్డు పైకప్పుకో డ్రిప్పు పైపులకో పెట్టండి.