గత సంవత్సరము మాకు నేర్పినది

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల నేత కుటుంబములవారికి లెక్కలు చదివి వినిపించుటకు ముందు ఒక మాట ఒప్పుకొనవలసియున్నది. గత సంవత్సరపు నష్టములో మగ్గము తప్పేమియు లేదు. తప్పు మా చిట్టాలోనిదే.

దసరాకు ముందు పొరుగూరి వర్తకుడొకడు యాభై చీరలు అరువడిగెను. పాత ఖాతా, మర్యాదస్థుడు. చీటీ వ్రాయించుకొనుటకు మొగమాటపడితిమి. నాలుగు నెలలైనను సొమ్ము రాలేదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంత మన ముంగిటనే యున్నను, పట్టు ధర తగ్గిన వారము మా చేతిలో డబ్బు లేదు; కొంత చేరునప్పటికి ధర ఎక్కెను. పండ్రెండు మగ్గములకు పడుగు ఇయ్యలేకపోతిమి. కూతురి పెండ్లికై, తనకు రావలసిన మజూరి అడుగవచ్చిన ఒక సభ్యుడు మా ముఖము చూచి ఏమియు అనక వెళ్ళిపోయెను. తిట్టినను బాగుండెడిది.

తరువాత తెలిసినదేమన, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టము ప్రకారము, ఒప్పందము వ్రాసికొన్నను కొన్నవాడు 45 దినములు మించి సొమ్ము నిలుపరాదు. నిలిపినచో చక్రవడ్డీతో ఇయ్యవలెను. అందుకు మనకు ఉద్యం నమోదు ఉండవలెను. ఆ పని రేపు చూతమని రెండేండ్లు గడిపినవారము మేమే. ఆలస్యముగానైనను ఇప్పుడు చేయించితిమి.

ఇకమీదట ఎంత పాత ఖాతాయైనను చీటీ లేక చీర గడప దాటదు. చీటీ నమూనా కార్యాలయములో నున్నది. సొంతముగా చీరలు అమ్ముకొనువారు కూడ వచ్చి వ్రాసికొని పోవచ్చును. మమ్ము తిట్టదలచినవారును రావచ్చును.