వారపు కబుర్లలో దొరకని పిల్లలు

ఏ క్రైస్తవ బడి వారపు కబుర్ల కాగితమైనా తీసి చదవండి. సోమవారం అసెంబ్లీలో వాక్యం ఎవరు చెప్పారు, ఏ ఎమ్మెల్యేకి శాలువా కప్పారు, ఒలింపియాడ్‌లో ఎన్ని పతకాలొచ్చాయి, సెమీ క్రిస్మస్‌కి ఎంత పెద్ద కేకు కోశారు. అన్నీ ‘దేవుని మహాకృపను బట్టి’ జరిగినవే. ఫీజు కట్టలేదని తరగతి బయట ఎవరిని నిలబెట్టారో మాత్రం అందులో ఉండదు. మహాకృప అంతదూరం రాదు కాబోలు!

పొద్దున్నే అలియాబాద్ చౌరస్తాలో నిలబడండి. రాజీవ్ రహదారి మీద పసుపు బస్సులు బారులు తీరి పోతుంటాయి. సెయింట్ల పేర్లున్నవాటిలో ఎన్ని మన చర్చి వెనక వాడలోకి మళ్లుతాయో లెక్కపెట్టండి. నేను చెబితే కోపమొస్తుంది. మీరే చూడండి.

ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగోవంతు సీట్లు పేదపిల్లలకివ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ బడులకు ఆ చట్టమే వర్తించదని తేల్చేసింది. ఆ రోజు ఎన్ని మేనేజ్‌మెంట్లు స్తోత్రాలు పాడుకున్నాయో! రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది దేనికయ్యా? చిన్న సమాజం తన పిల్లల్ని తన పద్ధతిలో చదివించుకోడానికి. మరి మీరేం చేశారు? హక్కు సమాజం పేరుమీద తీసుకున్నారు, సీటు డొనేషన్ తెచ్చినవాడికి అమ్ముకున్నారు. శామీర్‌పేట నల్సార్‌లో లా చదివే పిల్లలకు ఆ తీర్పు ఒక పాఠం. పక్క ఊరి కూలీ కూతురికి అదే తీర్పు మూసిన గేటు.

‘మిగతా ప్రైవేటోళ్లు ఇస్తున్నారా?’ అని కరస్పాండెంటుగారు కళ్లెర్రజేస్తారు. నిజమే సారూ, తెలంగాణలో ఆ పాతిక శాతం ఏళ్ల తరబడి కాగితం మీదే నిద్రపోయింది. కానీ వాళ్లు గోడకి సిలువ తగిలించుకోలేదు. మీరు తగిలించుకున్నారు.

మైనారిటీ బడుల్లో వెనకబడిన కుటుంబాల పిల్లలు 8.76 శాతమేనని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో చెప్పింది. మనమీద ప్రేమ పొంగి ఆ లెక్క తీయలేదని నాకూ తెలుసు. పగవాడి నోట వచ్చినంత మాత్రాన అంకె అబద్ధమవుతుందా? మీ రిజిస్టరు తెరవండి. తప్పని చూపిస్తే అదీ రాస్తాను.

ఒంగోలు మిషనరీ క్లౌ దొర కథ ప్రతి సంఘంలోనూ చెబుతారు, సగమే చెబుతారు. 1860ల్లో పెద్దకులాలవాళ్లు ఆయన బడికి పిల్లల్ని పంపారు. మాదిగలు సంఘంలో చేరుతుంటే, వాళ్లొస్తే మేం పోతామన్నారు. ఆయనా భార్యా ఎవరికివారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలోని ఒకే చోటు తగిలిందట. దేవుడు పెద్దింటివాళ్లను చూసి ఎంచుకోలేదన్న చోటు. మాదిగల్ని చేర్చుకున్నాడు. పెద్దింటి పిల్లలు వెళ్లిపోయారు. పోనిచ్చాడు! ఈరోజు ఆయనే మీకు ప్రిన్సిపాలుగా వస్తే, అడ్మిషన్లు పడిపోయాయని నోటీసిచ్చి పంపేస్తారు.

అసలు కడుపుమంట ఇక్కడుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు ఎస్సీ కాడు. క్రీస్తుని నమ్మిన మాల, మాదిగ ఇంటిబిడ్డ కాగితాల్లో బీసీ-సి, కోటా ఒక్క శాతం. అందుకే ఆధార్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు పెట్టుకుని దొంగల్లా బతికే కుటుంబాలున్నాయి. నువ్వు క్రైస్తవుడివి, ఎస్సీ కోటా లేదు పొమ్మంటుంది సర్కారు. సరే, క్రైస్తవుణ్ణే కదా అని వాడు క్రైస్తవ బడికొస్తాడు. టర్మ్ ఫీజేది, పొమ్మంటారు మీరు. వాడి తల్లి ఆదివారం కానుకసంచిలో వేసిన పది రూపాయల్ని మాత్రం ఇంతవరకు ఎవరూ వెనక్కివ్వలేదు.

ఇదంతా చదివి కాషాయం జెండాలవాళ్లు చంకలు గుద్దుకోవద్దు. 2024 ఏప్రిల్‌లో లక్సెట్టిపేట మదర్ థెరీసా బడి మీదపడి, అద్దాలు పగలగొట్టి, ఫాదర్‌కి బలవంతాన బొట్టుపెట్టిన శూరులు మీరు. మన బడులు మతం మార్చే ఫ్యాక్టరీలట! మీ నాయకుల పిల్లలు తరాలుగా కాన్వెంట్లలో చదివారు కదా, ఎంతమంది మారారు? మారిందల్లా ఉచ్చారణే.

మేనేజ్‌మెంటు పెద్దలూ, అలాంటి గుంపు రేపు మీ గేటు మీదికొస్తే అడ్డం నిలబడేదెవరు? శాలువా కప్పించుకున్న ఎమ్మెల్యేనా? వాడ రావాలి. ఏ మొహంతో పిలుస్తారు?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోనే మరో ధర్మాసనం ప్రమతి తీర్పు సరైనదేనా అని సందేహపడి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. రేపు కోర్టు మెడపట్టి గేటు తెరిపిస్తే ‘దేవుని కృప’ అని రాసుకోడానికి కూడా ఉండదు. ఈలోపే, వచ్చే శనివారం కబుర్లలో మూడు లెక్కలు అచ్చువేయండి. మన సంఘాల్లోని పేదింటి పిల్లలు మీ బడిలో ఎంతమంది? బకాయి పేరుతో ఎన్ని హాల్‌టికెట్లు ఆపారు? మీ ఆయమ్మ జీతమెంత, ఆమె బిడ్డ ఏ బడిలో చదువుతోంది?

కేకు ఫొటోకి చోటు చాలదంటారా? తీసేయండి.